క్లౌ దొర కాలువ

తెలుగు బాప్తిస్టు కుటుంబాల్లో పుట్టి పెరిగినవారికి 1878 జూలై 3 అనే తేదీ తెలుసు. ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర ఆ ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఉజ్జీవ సభల్లో, శతజయంతి సంచికల్లో, సండే స్కూలు పాఠాల్లో ఆ సంఖ్యను మనం వింటూనే ఉంటాం. కానీ ఆ దినానికి ముందు గడిచిన 15 నెలల సంగతి ప్రసంగవేదికల మీద అరుదుగా వినబడుతుంది. ఆ 15 నెలలూ జాన్ ఎవరెట్ క్లౌ అనే ఆ మిషనరీ ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. అడిగినవారు లేక కాదు. అడిగినవారు వేలమంది ఉండగా ఆయనే నిరాకరించాడు.

ఈ వారం ఆ 15 నెలల గురించి రాయాలనిపించడానికి ఒక కారణం ఉంది. పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న చిన్న ద్వీపదేశాలకు పెద్ద దేశాలు పోటీపడి సాయం చేస్తున్న వార్తలు కొన్నేళ్ళుగా చదువుతున్నాం. అక్కడ తువాలు అనే దేశం ఉంది. తొమ్మిది దీవులు, మొత్తం 26 చదరపు కిలోమీటర్ల నేల, పదకొండు వేలమంది జనం. మన కృష్ణా జిల్లాలో ఒక పెద్ద మండలంలో అంతకు నాలుగైదింతలమంది ఉంటారు. అలాంటి దేశాలకు రేవులు కట్టిస్తామని ఒకరు, సముద్రపు గోడలు కట్టిస్తామని ఒకరు వస్తారు. సాయంతోపాటు స్నేహం ఎవరితో ఉండాలో, ఐక్యరాజ్య సమితిలో ఓటు ఎటు వెయ్యాలో కూడా నిర్ణయమవుతుందన్న అనుమానం ఎప్పుడూ ఉంటుంది. 2024 జనవరిలో నౌరు అనే మరో చిన్న దేశం తైవానుతో సంబంధం తెంచుకుని చైనా పక్కకు మారినప్పుడు లోకమంతా అడిగిన ప్రశ్న ఒక్కటే. ఇచ్చే చెయ్యి పుచ్చుకునేవాని మనసును కొంటున్నదా?

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. దాదాపు 150 ఏళ్ళ క్రితం మన తెలుగు నేలమీదే, ఆకలితో ఉన్న లక్షల జనం మధ్య, చేతిలో డబ్బున్న ఒక పరదేశికి ఈ ప్రశ్న ఎదురైంది. ఆయన ఎలా జవాబు చెప్పాడో తెలుసుకోవడం మన సంఘాలకు మేలు.

క్లౌ గారు 1836 జూలై 16న అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని ఫ్రూస్‌బర్గ్ సమీపంలో జన్మించారు. ఆయన చిన్నతనంలోనే కుటుంబం పడమటికి, ఇల్లినాయికి, ఆ తరువాత అయోవాకు తరలిపోయింది. అడవులు కొట్టి పొలాలు చేసుకుంటున్న కాలమది. ఇంకా యౌవనంలో ఉండగానే ఆయన మిన్నెసోటాలో ప్రభుత్వ సర్వే బృందంలో చేరి గొలుసు పట్టి భూమి కొలవడం, మట్టం చూడడం, పటం గీయడం నేర్చుకున్నారు. తరువాత న్యాయవాది కావాలని బర్లింగ్‌టన్ పట్టణంలో చదువులో చేరారు. దేవుని సంగతులంటే అప్పటికి ఆయనకు పెద్ద ఆసక్తి లేదు. ఆ చదువులో ఉండగానే ప్రభువు ఆయనను పట్టుకున్నాడు. న్యాయశాస్త్రం పోయింది, సువార్త మిగిలింది. సర్వే విద్య మాత్రం వృథా కాలేదు. దేవుడు దానిని ఇరవై ఏళ్ళు దాచి పెట్టి, అవసరమైన రోజున బయటకు తీశాడు.

అప్పటికి అమెరికన్ బాప్తిస్టులకు తెలుగు దేశంలో ఉన్న మిషను చాలా చిన్నది. 1836లో శామ్యూల్ డే గారు వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్ళు గడిచినా ఫలం కొద్ది. దానిని మూసివేద్దామా అని అమెరికాలో పదేపదే చర్చ జరిగింది. దేశపటంలో ఒంటరిగా ఉన్న ఆ గుర్తును చూసి దానికి ఒంటరి నక్షత్రమనే పేరు వచ్చింది. 1854 జనవరి 1 ఉదయాన నెల్లూరు మిషనరీ లైమన్ జూయెట్ గారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులోని ఒక కొండ ఎక్కి, ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని సూర్యోదయ వేళ ప్రార్థించారు. నేటికీ దానిని ప్రార్థన కొండ అనే పిలుస్తున్నాం. ఆ ప్రార్థనకు జవాబు రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. 1864 నవంబరులో క్లౌ గారు భార్య హ్యారియెట్‌తో బోస్టన్‌లో తెరచాప ఓడ ఎక్కి, మరుసటి ఏడాది నెల్లూరు చేరారు. 1866లో ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది.

ఆ ఎనిమిదిమంది వేలమందిగా మారడానికి ముఖ్యుడు దొర కాదు. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి. తాళ్ళకొండపాడు ఆయన ఊరు, తోళ్ళ వ్యాపారం ఆయన వృత్తి, దేవుణ్ణి వెదకడం ఆయన స్వభావం. యోగుల దగ్గర శిష్యరికం చేసినా తృప్తి కలగలేదు. వ్యాపారం మీద ఉత్తరానికి, మన గోదావరి కృష్ణా ప్రాంతాలకు వచ్చినప్పుడు ఏలూరు వైపు పనిచేస్తున్న మిషనరీల ద్వారా నిజదేవుని మాట ఆయన చెవిని పడింది. ఒంగోలులో దొర వచ్చాడని విని వెళ్ళి, బాప్తిస్మము పొంది, తన జనం మధ్యకు తిరిగి వెళ్ళాడు. ఊరూరా తన చుట్టాల వాడల్లో కూర్చుని చెప్పాడు. మిషనరీ రాకముందే విశ్వాసం వచ్చిన పల్లెలున్నాయి.

అప్పుడు క్లౌ గారికి మొదటి పరీక్ష వచ్చింది. ఒంగోలులో ఆయన బడికి అగ్రవర్ణాల పిల్లలు వస్తున్నారు, వారి పెద్దలు స్నేహంగా ఉన్నారు. మాదిగలను చేర్చుకుంటే మేము రామని వారు స్పష్టం చేశారు. పెద్దవారిని పట్టుకుంటే చిన్నవారు వెనుక వస్తారన్నది ఆనాటి మిషనరీల్లో చాలామంది లెక్క. ఆ రాత్రి దొర ఒక గదిలో, దొరసాని మరొక గదిలో బైబిలు తెరవగా ఇద్దరి కళ్ళూ ఒకే చోట, మొదటి కొరింథీయులకు ఒకటవ అధ్యాయం 26 నుండి 29 వచనాల మీద పడ్డాయని ఆయన తరువాత జ్ఞాపకం చేసుకున్నారు. మాదిగలు లోపలికి వచ్చారు. బడి ఖాళీ అయింది.

వచ్చినవారికి సుఖం దొరకలేదు. చచ్చిన పశువు మాంసం మానేశారు, ఊరి జాతర్లలో డప్పు కొట్టం అన్నారు, ఆదివారం పనికి రాం అన్నారు. ఊరు వారిమీద తిరగబడింది. బావి దగ్గరకు రానివ్వలేదు, పని ఇవ్వలేదు, దొంగ కేసులు పెట్టారు. క్లౌ గారు కలెక్టరు దగ్గరకు, కోర్టు దగ్గరకు నడిచారు. చిన్ననాడు న్యాయవాది కావాలనుకున్న కోరిక ఇలా మరో రూపంలో తీరింది.

1876 వచ్చింది. తెలుగు లెక్కలో ధాత నామ సంవత్సరం. వానలు రాలేదు. మరుసటి ఏడాదీ సరిగా రాలేదు. ఆ రెండేళ్ళలో దక్షిణ దేశంలో అరకోటికి పైగా ప్రాణాలు పోయాయని చరిత్రకారులు అంచనా వేశారు. ఇక్కడ మన డెల్టా పాఠకులు ఒక సంగతి గమనించాలి. బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా 1850లలో ఆనకట్ట కట్టబడింది. కాటన్ దొర ఆలోచన, ఇతర ఇంజనీర్ల శ్రమ, వేలమంది మన కూలీల చెమట అందులో ఉన్నాయి. ఆ కాలువ నీళ్ళు పారిన ఊళ్ళు ఆ కరువును తట్టుకున్నాయి. వానమీద ఆధారపడిన ఒంగోలు, నెల్లూరు మెట్టలు ఎండిపోయాయి. మనకూ వారికీ మధ్య తేడా భక్తిలో లేదు, కాలువలో ఉంది. కరువును ఎప్పుడూ వానలేమి ఒక్కటే తేదు. నీటి ఏర్పాటు లేకపోవడం, కొనే శక్తి లేకపోవడం, పట్టించుకోని పాలన, ఇవన్నీ కలిసి తెస్తాయి.

పాలన సంగతి చెప్పాలి. 1877 జనవరిలో ఢిల్లీలో విక్టోరియా మహారాణిని చక్రవర్తినిగా ప్రకటించే దర్బారు వైభవంగా జరిగింది. అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానిలోని కరువు పనుల కూలీని తగ్గించాడు. మగవాడికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా. ఖజానాకు పొదుపు. మద్రాసు ఆరోగ్య కమిషనరు డాక్టరు కార్నిష్ దీనిని గట్టిగా వ్యతిరేకించాడు. కష్టపడి మట్టి మోసే మనిషి ఆ తిండితో బ్రతకలేడని లెక్కలతో వాదించాడు. కొన్ని నెలల తరువాత కూలీ పెంచారు. ఆలోగా పోవలసినవారు పోయారు.

మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరుతో ఇప్పటికీ మనం పిలుచుకునే కాలువ తవ్వకం ఆ రోజుల్లో కరువు పనిగా సాగింది. మన కృష్ణా పశ్చిమ డెల్టాలోని కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర ఈ బకింగ్‌హాం కాలువతో కలుస్తుంది. ఒకప్పుడు కాకినాడలో సరుకు ఎక్కించిన పడవ ఏలూరు, బెజవాడల మీదుగా మద్రాసు దాటి వెళ్ళేది. ఆ దారిలో కొంత భాగం ఒంగోలు ప్రాంతపు ఆకలి చేతులతో తవ్వినది.

క్లౌ గారి దగ్గరకు వేలమంది వస్తున్నారు. ఆయన చేతిలో ఉన్న డబ్బు కొద్ది. గంజి పోసి పంపవచ్చు, కానీ ఎన్నాళ్ళు? ప్రభుత్వ కరువు పనుల దగ్గరకు పంపితే అక్కడి మేస్త్రీలు మాల మాదిగలను తిట్టి, కొట్టి, కూలీలో కోత కోస్తున్నారు. అప్పుడు ఆయన పాత సర్వే విద్య గుర్తు చేసుకున్నారు. ఇంజనీరు అధికారి దగ్గరకు వెళ్ళి మూడున్నర మైళ్ళ కాలువ తవ్వకాన్ని తానే కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఒక మిషనరీ మట్టిపని కాంట్రాక్టరు కావడం మర్యాద కాదని తలచేవారు ఆనాడూ ఉండి ఉంటారు. ఆయన మాత్రం పలుగులు, పారలు, తట్టలు కొన్నారు. తాటాకు గుడిసెలు వేయించారు. మంచినీళ్ళకు బావులు తవ్వించారు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు.

మేస్త్రీ మారితే ఏం మారుతుంది? తట్ట ఎత్తలేని ముసలమ్మకు తేలిక పని దొరుకుతుంది. రోజు కూలీ సాయంత్రానికి పూర్తిగా చేతిలో పడుతుంది. కొరడా ఉండదు. పక్క శిబిరం నుండి పారిపోయి ఇక్కడికి వచ్చినవారు చాలామంది. కలరా వచ్చింది, చాలామంది చనిపోయారు. పనిచేసేవారు ఆగిపోలేదు. మధ్యాహ్నపు విరామంలో బోధకులు గట్టుమీద కూర్చుని మాట్లాడేవారు. మత్తయి 11:28 ఆ గట్టుమీద అన్నిటికంటె ఎక్కువగా వినబడిన వచనం. ప్రయాసపడి భారము మోసేవారికి ఆ మాట బోధించడానికి వ్యాఖ్యానం అవసరం లేదు. వారి నెత్తిమీద తట్ట ఉంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. క్లౌ గారు చేసినది ఉచిత దానం కాదు. పని ఇచ్చారు. లేవీయకాండము 19లో పరిగె ఏరుకోవడం గురించి దేవుడు ఇచ్చిన ఆజ్ఞను జ్ఞాపకం చేసుకోండి. చేను అంచు పూర్తిగా కొయ్యవద్దు, బీదలకు విడిచిపెట్టు అన్నది ఆ ఆజ్ఞ సారం. రూతు బోయజు పొలంలో భిక్షమెత్తలేదు, పరిగె ఏరింది. సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళిన యవలు ఆమె కష్టార్జితం. పుచ్చుకునేవాని తల వంగకుండా ఇవ్వడం దేవుని పద్ధతి.

1877 రెండవ సగంలో లండన్‌లో మాన్షన్ హౌస్ నిధి మొదలైంది. బకింగ్‌హాం గవర్నరు చేసిన విన్నపానికి ఇంగ్లండు ప్రజలు స్పందించి, కొద్ది నెలల్లోనే దాదాపు 7 లక్షల పౌండ్లు పంపారు. ధనవంతులే కాదు, కార్మికులు కూడా ఇచ్చారు. ఆ డబ్బు గ్రామాల్లో పంచడానికి స్థానిక సంఘాలు ఏర్పడ్డాయి. ఒంగోలు ప్రాంతంలో క్లౌ గారు ఆ పనిలో ఉన్నారు. విత్తనాలకు, దుక్కిటెద్దులకు, ఇంటి కప్పులకు ఆ సాయం వెళ్ళింది. అంటే ఒకే మనిషి చేతిలో సువార్త ఉంది, కూలీ ఉంది, పరదేశపు దానం కూడా ఉంది. ఇది చాలా ప్రమాదకరమైన స్థితి. ఆయన ఒక్క మాట అననక్కరలేదు, కనుసైగ చాలు, వేలమంది వచ్చి చేరేవారు. నివేదికలో సంఖ్య పెరిగేది. బోస్టన్‌లో పెద్దలు సంతోషించేవారు.

అందుకే ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. 1877 మార్చి నుండి 1878 జూన్ వరకు. గట్టుమీద వాక్యం విని మనసు మారినవారు, పల్లెల్లో ఏళ్ళ తరబడి నేర్చుకుంటున్నవారు బాప్తిస్మము అడుగుతూనే ఉన్నారు. ఇప్పుడు కాదని ఆయన జవాబు. నిజంగా నమ్మినవారిని నిలబెట్టి ఉంచడం ఆయనకు బాధే. కానీ అన్నం కోసం వచ్చినవాడు ఎవడో, ప్రభువు కోసం వచ్చినవాడు ఎవడో అన్నం పెడుతున్నవాడికి తెలియదు. ఒక్కోసారి వచ్చినవాడికే తెలియదు. ఆ రెంటినీ విడదీయడానికి కాలం ఒక్కటే సాధనం. అపొస్తలుల కార్యములు 8లో గారడీ సీమోను డబ్బుతో ఆత్మ వరాన్ని కొనాలని చూశాడు. డబ్బుతో ఆత్మలను కొనాలని చూడడం అదే పాపానికి మరో వైపు.

1878 మధ్యకు వానలు పడ్డాయి. పంటమీద ఆశ కలిగింది. ఇక సాయం ముగిసిందని, డబ్బు అయిపోయిందని, దాని కోసం ఎవరూ రావద్దని క్లౌ గారు బోధకుల ద్వారా పల్లెలకు కబురు పంపారు. ఇస్తున్న చెయ్యి ముడుచుకున్న తరువాతనే జనం వచ్చారు. వెల్లంపల్లిలో గుండ్లకమ్మ ఒడ్డున గుంపులు గుంపులుగా కూర్చుని బాప్తిస్మము అడిగారు. మా చుట్టాలు కరువులో చనిపోయారు, మేము మిగిలాం, మాకు సాయం అక్కరలేదు, మీ దేవుడు కావాలి, ఇదీ వారి మనవి సారాంశం. ఒక్కో పల్లెవారిని ఒక్కో బోధకుడు విడిగా కూర్చోబెట్టి విచారించాడు. పేర్లు రాసుకున్నారు. సందేహమున్నవారిని ఆగమన్నారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజుల్లో 3,536 మంది నీళ్ళలోకి దిగారు. ఆ పెద్ద దినాన క్లౌ గారు తాను ఒక్కరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరి చొప్పున వంతులవారీగా నదిలో నిలబడ్డారు. ఆయన ఒడ్డున ఉండి ఏర్పాట్లు చూసుకున్నారు. ఆ దృశ్యంలో ఆయన నిలబడిన చోటు నాకు 2,222 అనే సంఖ్యకంటె ఎక్కువ నేర్పుతుంది.

నిందలు తప్పలేదు. బియ్యం కోసం మారారని అన్నారు. అమెరికాలోనే కొందరు ఇంత తొందర ఎందుకని అడిగారు. క్లౌ గారి దగ్గర జవాబు ఉంది. సాయం నడిచినన్నాళ్ళు నేను ఎవరినీ చేర్చుకోలేదు, సాయం ఆగిన తరువాత వచ్చినవారిని ఆపే అధికారం నాకు లేదు. ఆ 15 నెలల ఓపిక లేకపోతే ఈ జవాబు చెప్పే హక్కు ఆయనకు ఉండేది కాదు. ఈనాటికీ మనమీద అదే నింద పడినప్పుడు ఆ ఓపికే మనకు సాక్ష్యం.

ఆయన జీవితంలో లోటుపాట్లు లేవని చెప్పడం సత్యానికి న్యాయం కాదు. వేలమంది ఒకేసారి వచ్చారు. నేర్పేవారు కొద్దిమంది. చదవడం రానివారు, వాక్యం పూర్తిగా అందనివారు తరాలపాటు ఉండిపోయారు. ఒకే కులం నుండి ఎక్కువమంది రావడంతో సంఘం ఆ వాడ గోడల మధ్యే ఉండిపోయింది. మాల క్రైస్తవులు, మాదిగ క్రైస్తవులు అన్న విభజన బాప్తిస్మపు నీళ్ళలో మునగలేదు, ఇప్పటికీ మన సమాధుల దొడ్లలో, పెళ్ళి సంబంధాల్లో బ్రతికే ఉంది. తరువాతి కాలంలో మిషను ఆవరణం, జీతం, బంగళా అన్నీ పరదేశపు డబ్బుమీద పెరిగాయి. ఆ డబ్బు తగ్గినప్పుడు కొన్ని సంఘాలు తండ్రి లేని బిడ్డల్లా అయ్యాయి. క్లౌ గారు మాత్రం పల్లె పద్ధతుల్లోనే సంఘం నడవాలని కోరుకున్నారు. పల్లె పెద్దల మాటకు విలువ ఇచ్చారు. జనం ఇదివరకు తమ గురువులకు పెట్టినట్టే బోధకులకూ పెట్టాలన్నది ఆయన ఆశ.

1893లో హ్యారియెట్ దొరసాని ప్రభువునందు నిద్రించారు. మరుసటి ఏడాది ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహం చేసుకున్నారు. బీదల పక్షాన క్రైస్తవ సంఘం నిలబడాలని అమెరికాలో బోధించిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె తమ్ముడు. మాదిగల కథలను, వారి గురువులను, వారి విశ్వాసాన్ని ఆమె శ్రద్ధగా విని 1899లో ఒక పుస్తకంగా ప్రకటించారు. భర్త జీవితగాథను కూడా ఆమే పుస్తకంగా కూర్చారు. క్లౌ గారు ముసలితనంలో తొడ ఎముక విరిగి చాలా బాధపడ్డారు. చివరికి అమెరికాకు తిరిగి వెళ్ళి, 1910 నవంబరులో రోచెస్టరులో కన్నుమూశారు. ఒంగోలులో ఆయన పేరున ఆసుపత్రి ఉంది. జూయెట్ గారి పేరున ఆలయం ఉంది. బకింగ్‌హాం కాలువలో ఆయన మూడున్నర మైళ్ళు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో చెప్పే పలక మాత్రం నేనెక్కడా చూడలేదు.

ప్రియ సంఘమా, ఇప్పుడు మళ్ళీ ఆ ద్వీపాల సంగతికి వద్దాం. తువాలుకు సువార్త మొదట తెచ్చినవాడు తెల్లవాడు కాదు. 1861లో మనిహికి అనే దీవికి చెందిన ఎలెకానా అనే పరిచారకుడు తుఫానులో పడవ కొట్టుకుపోయి, వారాల తరబడి సముద్రం మీద తేలి, ఆ తీరాన పడ్డాడు. తినడానికి ఏమీ లేక, ఇవ్వడానికి ఏమీ లేక వచ్చినవాని మాట ఆ జనం విన్నారు. మన ఒంగోలుకు డబ్బున్న దొర వచ్చి డబ్బు ఆగేవరకు ఆగాడు. వారి దగ్గరకు ఏమీ లేనివాడు వచ్చాడు. రెండు చోట్లా సువార్త డబ్బుకు వెలగానే నిలబడింది.

ఆ సముద్రంతో మనకు బంధుత్వం కూడా ఉంది. 1903 నుండి మద్రాసు రేవులో ఓడ ఎక్కి ఫిజీ చెరకు తోటలకు కూలీలుగా వెళ్ళినవారిలో మన తెలుగువారు ఉన్నారు. ఇప్పుడు మన దేశమే ఆ ద్వీపాలకు సాయం చేసే స్థితికి వచ్చింది. 2017లో ఐక్యరాజ్య సమితితో కలిసి భారతదేశం ఏర్పాటు చేసిన అభివృద్ధి నిధి మొదటి పని ఏడు పసిఫిక్ ద్వీపదేశాల్లో విపత్తుల ముందస్తు హెచ్చరికకు సంబంధించినదే. పుచ్చుకున్న చెయ్యి ఇచ్చే చెయ్యి అయింది. దేవునికి స్తోత్రము. అయితే ఇచ్చేవానికి ఉండే శోధన కూడా ఇప్పుడు మనదే.

మన కృష్ణా డెల్టా వారికి సాయం పుచ్చుకోవడం తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన పదివేలమందికి పైగా ప్రాణాలు తీసింది. మన కూచిపూడి, మొవ్వ చుట్టుపక్కల ఆ రాత్రిని మరచిపోని ముసలివారు ఇంకా ఉన్నారు. లోకమంతటి నుండి బట్టలు, మందులు, ఇళ్ళకు డబ్బు వచ్చాయి. మన సంఘాల ద్వారానూ వచ్చాయి. దానిని పంచినవారిలో క్లౌ గారిలా పంచినవారున్నారు, వేరేలా పంచినవారూ ఉన్నారు. ఎవరు ఎలా పంచారో ఆ పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇల్లు కట్టినవాని పేరు మరచిపోతారేమో కానీ, ఇల్లు ఇస్తూ తలవంచుకునేలా చేసినవాని పేరు మరచిపోరు.

కూచిపూడి అగ్రహారాన్ని గోలకొండ తానీషా ఇక్కడి భాగవతులకు వారి కళను మెచ్చి ఇచ్చాడని చెప్పుకుంటారు. దానిని పుచ్చుకున్నవారు సిగ్గుపడలేదు, ఎందుకంటే వారి విద్యకు అది గౌరవం. సాయం గౌరవంగా వస్తే పుచ్చుకున్నవాడు నిలబడతాడు. జాలిగా వస్తే వంగిపోతాడు. బేరంగా వస్తే అమ్ముడుపోతాడు. దేశాల మధ్యనైనా, ఇద్దరు పొరుగువారి మధ్యనైనా ఇది మారదు.

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 1976లో వచ్చింది, 2010లో కొత్తగా రాయబడింది, 2020లో మరింత కఠినమైంది. మన సంస్థలు చాలా వాటికి పరదేశపు డబ్బు రావడం ఆగింది. ఆ చట్టంలోని అన్యాయాలను గురించి మాట్లాడవలసిన చోట మాట్లాడదాం. ఆ వాదన ఒక పక్క ఉండగా మనల్ని మనం ఒక ప్రశ్న వేసుకుందాం. సాయం ఆగిన తరువాత కూడా జనం వెల్లంపల్లికి వచ్చారు. మన సంఘంలో సాయం ఆగిన తరువాత ఎంతమంది మిగిలారు? మిగిలినవారే సంఘం. మిగలనివారి విషయంలో తప్పు వారిదా, ఇచ్చిన మనదా అన్నది ప్రార్థనలో తేల్చుకోవలసిన సంగతి.

మన సంఘాలకు మూడు విన్నపాలు. మొదటిది, క్రిస్మసుకు చీరలు, దుప్పట్లు పంచే ప్రతి కమిటీ, పుచ్చుకునేవారిని వరుసలో నిలబెట్టి ఫోటో తీసే అలవాటు మానాలి. మత్తయి 6వ అధ్యాయం మొదటి నాలుగు వచనాలు ఆ రోజు ఉదయం చదువుకుంటే చాలు. రెండవది, వైద్యానికో చదువుకో ఆపదకో సాయం పొందుతున్న కుటుంబాన్ని ఆ సాయం నడుస్తున్నంత కాలం బాప్తిస్మానికి తొందరపెట్టవద్దు. వారే అడిగినా, క్లౌ గారిలా కొంతకాలం వాక్యంలో నడిపించండి. నిజమైన విశ్వాసం ఎదురుచూడగలదు. మూడవది, ఇవ్వగలిగిన చోట పని ఇవ్వండి, నైపుణ్యం నేర్పండి, పూర్తి కూలీ సాయంత్రానికే చేతిలో పెట్టండి. యాకోబు పత్రిక 5:4 చదివిన క్రైస్తవ రైతు, క్రైస్తవ కాంట్రాక్టరు, క్రైస్తవ గృహిణి కూలీని నిలిపి ఉంచకూడదు.

యూదయలో కరువు వస్తుందని అగబు ప్రవచించినప్పుడు అంతియొకయ సంఘం ఏమి చేసిందో అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయం చివర ఉంది. ఒక్కొక్కరు తమ శక్తికొలది సొమ్ము పోగుచేసి బర్నబా, సౌలుల చేత పంపారు. షరతులు లేవు. యెరూషలేము సంఘం అంతియొకయకు రుణపడి మాట మార్చుకోవాలని ఎవరూ కోరలేదు. కొన్నాళ్ళకు సున్నతి విషయంలో ఆ రెండు సంఘాలకూ గట్టి వాదనే జరిగింది. సాయం చేసినవారు దానిని ఆ వాదనలో వాడుకోలేదు, పుచ్చుకున్నవారు దానికి లొంగలేదు. క్రీస్తు సంఘాల మధ్య సాయం ఇలా ఉండాలి. పెద్ద దేశాలకు మనం పాఠాలు చెప్పలేము. కానీ మన వీధిలో, మన సంఘపు కానుకల పెట్టెలో, మన కమిటీ తీర్మానాల్లో క్లౌ గారి 15 నెలల ఓపికను మనం పాటించవచ్చు.

ప్రభువా, ఇచ్చేటప్పుడు మా చేతులను, అడిగేటప్పుడు మా హృదయాలను కడుగుము. మేము ఇచ్చే అన్నం నీ నామానికి వల కాకుండును గాక. మేము చెప్పే సువార్త ఏ ధరకూ అమ్ముడుపోకుండును గాక. ఆమేన్.